ఇంజను బొమ్మకు డెబ్బై శాతం: ఢిల్లీకి దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక లేఖ

గౌరవనీయులైన కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ అధికారులకు,
భారతీయ ప్రమాణాల సంస్థ బాధ్యులకు,
కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు సభ్యులకు,



ముగ్గురికీ కలిపి ఒకే ఉత్తరమేమిటని అనుకోవద్దు. విడివిడిగా రాస్తే ఎవరికి వారు పక్క టేబుల్ చూపిస్తారన్న భయంతో ఇలా రాస్తున్నాను. ఏది బొమ్మో ఉత్తర్వులో చెప్పేది ఒకరు, దాని నాణ్యతకు కొలత పెట్టేది ఇంకొకరు, రేవులో సుంకం కట్టించుకునేది మరొకరు. మీ ముగ్గురి మధ్యా ఇరుక్కున్నది అరచేతిలో పట్టే ఒక నీలం ఆవిరి ఇంజను. బాయిలరు ముందు గుండ్రటి ముఖం, పక్కన పసుపు రంగులో 1 అంకె. పేరు థామస్, ఇంగ్లండ్ పిల్లల కథల్లోంచి టీవీ సీరియల్‌కెక్కిన ఇంజను.

నవ్వొచ్చిందా? మా ఇళ్లలోనూ మొదట నవ్వారు. కాకపోతే ఇంట్లోవాళ్లు నవ్వితే పన్ను పడదు. మీరు నవ్వితే పడింది. 2020 బడ్జెట్‌లో బొమ్మల దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి ఒక్క గెంతులో 60కి తీసుకెళ్లారు. 2023లో 70 చేశారు. మధ్యలో, 2021 జనవరి 1 నుంచి, ఐఎస్ఐ ముద్ర లేని బొమ్మను ఈ దేశంలో అమ్మకూడదన్నారు. ఈ నిర్ణయాల్లో ఎక్కడైనా, పసివాడు నోట్లో పెట్టుకునే గిలక్కాయనూ, నలభై ఏళ్లవాడు అద్దాల బీరువాలో పెట్టుకునే స్కేలు మోడల్‌నూ విడదీసి చూద్దామన్న ఆలోచన ఒక్క నిమిషమైనా వచ్చిందా? మీ సుంకాల పట్టికలో 9503 శీర్షిక కింద మూడు చక్రాల సైకిలు, గుడ్డబొమ్మ, పజిల్, కొలత ప్రకారం కుదించి చేసిన రైలు మోడల్ అన్నీ ఒకే గాటన కట్టి ఉన్నాయి. ఆ శీర్షిక ప్రపంచమంతటికీ ఒకటేనని మీరంటారు. ఒప్పుకుంటాను. దాని కింద ఉపశీర్షికలు రాసుకునే వెసులుబాటు మాత్రం ఏ దేశానికి ఆ దేశానిదే కదా? ఎలక్ట్రానిక్ బొమ్మల విడిభాగాలకు వేరే వరస, వేరే రేటు రాసుకున్నది మీరే కదా? ఇంకొక్క వరసకు ఆ కాగితంలో చోటు చాలలేదా?

పదివేల విలువ చేసే ఇంజనును ఒక కొట్టువాడు పద్ధతిగా తెప్పిస్తే ఏడువేలు సుంకం. ఆ పదిహేడు వేల మీద మళ్లీ జీఎస్టీ. ఆపైన అద్దె, రవాణా, లాభం. అదీ ఐఎస్ఐ గడప దాటగలిగితే. ఆ గడప దాటాలంటే ఎక్కడో విదేశంలో ఉన్న ఫ్యాక్టరీ ఇక్కడ దరఖాస్తు పెట్టి, తనిఖీలు చేయించుకుని, రుసుములు కట్టి లైసెన్సు తీసుకోవాలి. హైదరాబాదులో ఏడాదికి ఏ కొద్దిమందో కొనే మోడల్ కోసం ఏ ఫ్యాక్టరీ ఆ పని చేస్తుంది? చేయదు కాబట్టి కొట్టువాడు చేతులెత్తేశాడు. ఒకప్పుడు మా వైపు బొమ్మల దుకాణాల్లో పై అరల్లో కనిపించిన విదేశీ రైలు పెట్టెలు ఇప్పుడు లేవు. అడిగితే, "అవి ఇక తేలేం సార్, మనవల్ల కాదు" అంటారు. సొంతానికి పార్సెల్‌లో తెప్పించుకుంటే లెక్క వేరేనట. ఆ లెక్క ఎంతకు తేలుతుందో పెట్టె చేతికందేదాకా తెలియదు. అందుకే మాలో చాలామందికి మిగిలిన దారి ఒక్కటే: డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే మేనల్లుడి సూట్‌కేసు. పచ్చళ్ల సీసాలు అటు వెళతాయి, ఇంజన్లు ఇటు వస్తాయి. చదువుకున్న నగరంలో, పన్నులు కట్టే మనుషులకు, ఒక రైలు మోడల్ కొనుక్కునేందుకు సవ్యమైన మార్గం చుట్టపువాడి సామానేనా?

మేమెవరమో చెప్పాలి. మూసారాంబాగ్ నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా సాగే దిల్‌సుఖ్‌నగర్ రోడ్డుకు అటూ ఇటూ, గడ్డిఅన్నారం, కొత్తపేట, చైతన్యపురి, సరూర్‌నగర్, వనస్థలిపురం కాలనీల్లో ఉండేవాళ్లం. బ్యాంకు ఉద్యోగులు, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, లెక్చరర్లు, ఒకరిద్దరు రైల్వేలో పనిచేసి దిగిపోయినవాళ్లు. మా పేటలో రైల్వేస్టేషన్ లేదు. దగ్గరంటే మలక్‌పేట. ఎదురుచూడటం మాకు కొత్త కాదు. మెట్రో వస్తుందన్న మాట విన్న నాటి నుంచి 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మొదటి రైలు నడిచేదాకా, తవ్విన రోడ్ల మీద దుమ్ము మింగుతూ ఎదురుచూసినవాళ్లమే. ఆ ఎదురుచూపుకు చివర ఒక తేదీ ఉంది. ఇప్పటి ఎదురుచూపుకు చివర మీరున్నారు.

ఏటా కొత్త సంవత్సరం మొదట్లో రైలు మోడళ్ల కంపెనీలు ఆ ఏడు తేబోయే వాటి జాబితా ప్రకటిస్తాయి. బ్యాక్‌మన్ అన్నా హార్న్‌బీ అన్నా ఈ లోకంలో తెలియనివాళ్లు ఉండరు. థామస్ వరసలో ఈసారి కొత్త ఇంజను ఏది, పాతదానికి కొత్త రంగులా, లేక కొత్త అచ్చు పోశారా, పెట్టె మాత్రమే మార్చారా అని మావాళ్లు ఫొటోలు పెద్దవి చేసి మరీ చూస్తారు. ప్రకటించినది అదే ఏడు రాకపోవచ్చు. మరుసటి ఏడు కూడా రాకపోవచ్చు. ముందే డబ్బు కట్టి పేరు రాయించుకోవాలి. చిన్న విడతల్లో చేస్తారు కాబట్టి, తప్పితే మళ్లీ దొరకడం కష్టం. లండన్‌లోనో చికాగోలోనో ఉన్న సేకర్తకు ఇది సరదా ఉత్కంఠ. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నవాడికి ఆ సరదా ప్రకటన చదవడంతోనే అయిపోతుంది. వస్తుందా రాదా అన్నది వాళ్ల ప్రశ్న. వచ్చినా మా గడపకు చేరుతుందా అన్నది మాది.

"పిల్లల సీరియల్‌లోని బొమ్మ కోసం పెద్దవాళ్ల గోల" అనే మాట మీ దగ్గరికి వచ్చేవాళ్లు అంటారేమో, మీరే అనుకుంటారేమో. కొంచెం ఆగండి. ఈ కథల మొదట్లోనే ఒక చెక్క బొమ్మ ఉంది. యుద్ధకాలంలో, 1940ల మొదట్లో, పొంగు పోసి మంచం పట్టిన కొడుకు క్రిస్టఫర్‌కు విల్బర్ట్ ఆడ్రీ అనే ఇంగ్లండ్ పాస్టరు రైళ్ల కథలు చెప్పాడు. బజార్లో బొమ్మలు దొరకని రోజులు. మిగిలిపోయిన చెక్కముక్కలతో కొడుక్కి ఇంజను చేసిచ్చాడు. మొదటి పుస్తకం 1945లో వచ్చింది, థామస్ పేరుతో పుస్తకం 1946లో. ఆడ్రీ స్వయంగా రైలు మోడళ్ల మనిషి. ఇంట్లో చిన్న పట్టాలు వేసి, తన కథల్లోని ఊళ్లను వాటి మీద కట్టి, ప్రదర్శనలకు తీసుకెళ్లేవాడు. పుస్తకాల్లో ఒక బొమ్మలోని ఇంజను తర్వాతి బొమ్మలో వేరేగా కనిపిస్తే చిత్రకారుల మీద విరుచుకుపడేవాడు. అంత పట్టింపు ఉన్న మనిషి కథలివి.

1984లో టీవీకి ఎక్కించినప్పుడు నిర్మాత బ్రిట్ ఆల్క్రాఫ్ట్ బృందం ఏం చేసింది? కార్టూన్ గీయలేదు. 45 మిల్లీమీటర్ల పట్టాల మీద నిజంగా నడిచే మోడళ్లు పెట్టి, స్టేషన్లు, వంతెనలు, కొండలు కట్టి కెమెరా తిప్పింది. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ కథ చెప్పాడు. రెండు దశాబ్దాలకు పైగా అలాగే తీశారు. కంప్యూటర్ బొమ్మలు ఆ తర్వాతే వచ్చాయి. సీరియల్ చూసి బొమ్మలు చేయడం మామూలు. ఇక్కడ మోడళ్లు పెట్టి సీరియల్ తీశారు. దాని మోడల్ కొనుక్కునేవాడు మిఠాయి డబ్బాలో వచ్చే ప్లాస్టిక్ ముక్క కోసం పేచీ పెట్టే పిల్లాడితో సమానమా? (2012లో హక్కులు బొమ్మల కంపెనీ మాటెల్ చేతికి వెళ్లాయి. 2021లో ఆ కంపెనీ సీరియల్‌ను చదునైన కార్టూన్‌గా మార్చేసింది. దాని మీద మాకున్న కోపం వేరే లేఖకు సరిపోతుంది. ఆ పాపం మీ ఖాతాలో వేయను.)

ఇంకొకటి. థామస్ రూపం ఊహలోంచి ఊడిపడలేదు. లండన్ దక్షిణాన నడిచిన రైల్వే కంపెనీ 1913 నుంచి 1916 మధ్య చేయించిన E2 తరగతి ట్యాంకు ఇంజను అది. మొత్తం పది చేశారు. 1963 నాటికి పదీ తుక్కు కింద పోయాయి. ఆ తరగతి ఇంజను ఒక్కటీ ఈవేళ ప్రపంచంలో లేదు. హార్న్‌బీ 1980ల్లో తన మొదటి థామస్‌ను తెచ్చినప్పుడు అంతకుముందు తాను చేసిన E2 మోడల్ అచ్చునే వాడుకుంది. అంటే ఆ ఇంజను ఎలా ఉండేదో వేళ్లతో తడిమి చూడాలంటే మిగిలిన దారి ఈ మోడళ్లే. మ్యూజియంలో ఉండాల్సిన వస్తువు పిల్లల ముఖం తగిలించుకుని బతికింది. దానికి మనం గిలక్కాయ పన్ను వేశాం.

మీలో ఎవరైనా ఒక బ్యాక్‌మన్ థామస్‌ను తిరగేసి చూశారా? చూస్తే అడుగున చిన్న మరలు కనిపిస్తాయి. విప్పితే లోపల చిటికెనవేలంత మోటారు, దాని ఇరుసు మీద మర పళ్లు, ఆ పళ్లు తిప్పే గేరు, గేరు తిప్పే చక్రం. పట్టాల్లోని కరెంటును చక్రాల వెనక రాసుకునే సన్నటి రాగి రేకులు మోటారుకు అందిస్తాయి. అసలు తమాషా పైన ఉంది. ఇంజను కదిలితే థామస్ కళ్లు అటూ ఇటూ తిరుగుతాయి. కళ్లకు వేరే మోటారు లేదు. చక్రాలు తిప్పే యంత్రమే ఒక చిన్న మీట ద్వారా కళ్లనూ జరుపుతుంది. బండి ఆగితే చూపు ఆగుతుంది. మా చైతన్యపురిలో ఇంటర్ చదివే ఒక కుర్రాడికి ఇది విప్పి చూపించాను. గుండ్రటి తిరుగుడు అటూ ఇటూ కదలికగా ఎలా మారుతుందో వాడు పుస్తకంలో చదివాడు, పరీక్షలో రాశాడు, మార్కులు తెచ్చుకున్నాడు. కళ్లారా చూడటం మాత్రం అదే మొదటిసారట. మరలు బిగించనివ్వకుండా చాలాసేపు పట్టుకు కూర్చున్నాడు.

ఇక్కడే మీ బాధ్యత గురించి అడుగుతాను. దిల్‌సుఖ్‌నగర్ అంటే రాష్ట్రమంతటికీ కోచింగ్ సెంటర్ల పేట. మెట్రో దిగితే చాలు, ఎటు చూసినా ర్యాంకుల ఫ్లెక్సీలే. నల్లగొండ నుంచి, సూర్యాపేట నుంచి, మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన పిల్లలు హాస్టళ్లలో ఉండి ఇంజినీరింగ్ కోసం చదువుతారు. ఇంతమంది ఇంజినీర్లు కావాలనుకునే వీధిలో ఒక ఇంజను విప్పి చూపించే కొట్టు ఒక్కటైనా ఎందుకు లేదు? మా చిన్నప్పుడు రంధ్రాల రేకులు, నట్లు, బోల్టులు ఉండే మెకానిక్స్ పెట్టె ఉండేది. దానితో క్రేను కట్టినవాళ్లు ఇవాళ నిజం క్రేన్ల దగ్గర పనిచేస్తున్నారు. ఆ తర్వాతి మెట్టుకు వెళ్లాలనుకునే పిల్లాడికి మీరు ఏ దారి మిగిల్చారు? నైపుణ్యాభివృద్ధి అని బోర్డులు పెట్టేదీ ప్రభుత్వమే, నైపుణ్యం పుట్టే వస్తువు మీద డెబ్బై శాతం వేసేదీ ప్రభుత్వమేనా?

పిల్లల భద్రత ముఖ్యం కాదని నేననడం లేదు. దిగుమతి బొమ్మల మీద 2019లో భారత నాణ్యతా మండలి చేయించిన పరీక్షల్లో దాదాపు 67 శాతం నమూనాలు తప్పాయి. సీసం కలిసిన రంగు, నోట్లోకి పోయే చిన్న ముక్కలు, పగిలితే కోసుకుపోయే అంచులు. ఇవి తల్లిదండ్రులు భయపడాల్సిన సంగతులే. ఐఎస్ఐ ముద్ర ఉండాలన్న ఉత్తర్వు ఆ భయానికి సరైన జవాబు. దానికి మీకు దండం పెడతాను.

మరి ఆ జవాబు ఎవరి దాకా వచ్చింది? ఒక సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో దగ్గర దిగి సాయిబాబా గుడి వైపు నడవండి. పరదా పరిచి, కుప్పలు పోసి బొమ్మలు అమ్ముతుంటారు. కీ ఇస్తే పరుగెత్తే రైళ్లుంటాయి. కొన్నిటికి ముఖం కూడా ఉంటుంది, మన థామస్‌ను ఎప్పుడో దూరం నుంచి చూసి గుర్తు తెచ్చుకుని గీసినట్టు. పెట్టె ఉండదు. ఉన్నా దాని మీద ముద్ర ఉండదు, ఎవరు చేశారో ఉండదు. గట్టిగా నొక్కితే రంగు వేలికంటుతుంది. పసిపిల్లలు నోట్లో పెట్టుకునేవి అవే. పొట్టకూటికి అమ్ముకునేవాళ్లను తరిమికొట్టమని నేనడగడం లేదు. వాళ్లకు సరుకు పోసే గోదాములు మీకు తెలియవా అని మాత్రమే అడుగుతున్నాను. 2023 జనవరిలో విమానాశ్రయాల్లో, మాల్స్‌లో ఉన్న పెద్ద దుకాణాల మీద దాడులు చేసి 18,600 బొమ్మలు స్వాధీనం చేసుకున్నామని ప్రకటించారు. బాగుంది. అద్దాల షోరూముకు వెళ్లిన కాళ్లు టోకు గోదాము దాకా ఎందుకు వెళ్లలేదు? బిల్లుతో, పేరుతో, చిరునామాతో ఒక మోడల్ తెప్పించుకుందామనుకున్నవాడు మీకు సులువుగా దొరుకుతాడు. ఏ బిల్లూ లేనివాడు దొరకడు. సులువుగా దొరికేవాళ్ల మీద నడిచే నిబంధనతో పిల్లలకు ఏ భద్రత వస్తుంది?

పోనీ, మీ నిబంధనలోనే ఉన్న మాటనైనా మీరు పాటిస్తున్నారా? మీ ఉత్తర్వు ప్రకారం బొమ్మ అంటే 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునేందుకు ఉద్దేశించినది. మీ ఐఎస్ 9873 ప్రమాణం మొదటి భాగం అంతర్జాతీయంగా వాడే ఐఎస్ఓ 8124 నుంచి తీసుకున్నది. 14 ఏళ్ల లోపు వాళ్లకు ఉద్దేశించని సేకరణ వస్తువులు తన పరిధిలోకి రావని ఆ ప్రమాణమే చెబుతోంది. అంటే కాగితం మీద దారి ఉంది. రేవులో పెట్టె తెరిచే మనిషికి ఆ దారి ఎవరు చూపిస్తారు? ఏది సేకరణ వస్తువో ఏ ఆధారంతో నిర్ణయించాలి, ఎవరు సంతకం పెట్టాలి, ఎన్ని రోజుల్లో తేల్చాలి? ఒక సామాన్యుడు చదివి అర్థం చేసుకునే భాషలో, తెలుగులో కాకపోతే ఇంగ్లీషులోనైనా, ఒక్క పేజీ ఎందుకు పెట్టలేదు?

నా వాదనలో ఉన్న మెలిక నేనే చెబుతాను, మీరు వెతుక్కోనక్కర్లేదు. రైలు మోడళ్ల పెట్టెల మీద సాధారణంగా 14 ఏళ్లు పైబడినవారికి అని ఉంటుంది. థామస్ పెట్టెల మీద మాత్రం 8 ఏళ్లు పైబడినవారికి అని వేస్తారు. మోటారు ఒక తీరుదే, 16.5 మిల్లీమీటర్ల పట్టా ఒకటే, 12 వోల్టుల కరెంటు ఒకటే. ముఖం లేని ఇంజను సేకరణ వస్తువు, ముఖం ఉంటే పిల్లల బొమ్మ. ఈ తేడాకు కారణం కంపెనీల అమ్మకపు లెక్కలు. మీరు కూడా ఆ అంకె చూసి తేల్చేస్తే పని తేలికే. కానీ కొలత ప్రకారం చేసినదా, పట్టా కొలత ఎంత, ఎంత విడతలో చేశారు, తెప్పించుకునేవాడు ఒకటి తెప్పించుకుంటున్నాడా, వెయ్యి తెప్పించుకుంటున్నాడా అని చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఒక్క ఇంజను తెప్పించుకున్నవాడు బజారును ముంచేస్తాడని భయమా?

దేశీ పరిశ్రమను కాపాడటానికే ఈ సుంకమని మీ వైపు వాదన. ఎవరిని కాపాడుతున్నారో చెప్పండి. కొండపల్లివాళ్లనా? తెల్ల పొణికి చెక్కతో దశావతారాలు, ఏనుగు అంబారీలు చెక్కే మనిషికి హార్న్‌బీ ఇంజను పోటీ అవుతుందా? ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి పట్టి లక్క రంగులద్దేవాళ్లకు పోటీ అవుతుందా? ఆ రెంటికీ, నిర్మల్ బొమ్మలకూ భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి నాణ్యతా ఉత్తర్వు నుంచి 2020 చివర్లో మీరే మినహాయించారు. మంచి పని. ఏటికొప్పాక బొమ్మల కళాకారుడు సి.వి. రాజు గారి పేరు 2020 ఆగస్టులో ప్రధాని స్వయంగా రేడియోలో తలుచుకున్నారు. చేతిపని ఫ్యాక్టరీ సరుకు లాంటిది కాదని గుర్తించి గీత గీయగలిగిన మీరు, సేకరణ మోడల్ బజారు బొమ్మ కాదని ఇంకొక గీత గీయలేరా?

స్కేలు మోడళ్లు చేసే దేశీ పరిశ్రమ పెద్దది ఉంటే, దాని కోసం మేం కొంతకాలం ఓపిక పట్టేవాళ్లం. భారతీయ రైళ్లనే కొనేవాళ్లం. ఎందుకు లేదో మోడళ్లు చేసేవాళ్లను అడగండి, మొదట కొలతల దగ్గర మొదలుపెడతారు. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 76వ వంతుకు కుదిస్తే 22 మిల్లీమీటర్లు రావాలి. బజార్లో దొరికే పట్టా 16.5. కాబట్టి మన ఇంజనును పరాయి పట్టా మీద ఇరికించాలి, లేదా పట్టా కూడా సొంతంగా వేసుకోవాలి. (ఇంగ్లండ్‌వాళ్లకూ ఈ తంటా ఉంది. వాళ్ల లెక్క ప్రకారం దాదాపు 19 రావాలి, 16.5 తోనే దశాబ్దాలుగా సర్దుకుపోతున్నారు.) ఇక అచ్చు పోయించడానికి అయ్యే ఖర్చు, మోటార్లు, గేర్లు బయటి నుంచి తెచ్చుకోవడం, ఆపైన పెద్ద ఫ్యాక్టరీల కోసం రాసిన ప్రమాణాలు. ఇంట్లో త్రీడీ ప్రింటర్ పెట్టుకుని ముఖాలు, పెట్టెలు అచ్చు తీసుకునే కుర్రాళ్లు మా పేటలోనే ఉన్నారు. అమ్ముదామంటే భయం. పాస్టరు ఆడ్రీ ఇవాళ కొత్తపేటలో ఉండి, కొడుక్కి చెక్కిన ఇంజను పక్కింటివాళ్లకు రెండొందలకు అమ్మితే ఏ సెక్షను కింద వస్తాడో చెప్పగలరా?

చేయగల చేతులు మనకు లేవనకండి. బ్రిటన్‌వాళ్లు ప్రాణంగా చూసుకునే ఎయిర్‌ఫిక్స్ విమానాల కిట్లు ఎన్నో సంవత్సరాల పాటు మన దేశంలోనే తయారై, పెట్టె మీద భారత్ పేరుతో లండన్ కొట్లకు వెళ్లాయి. ఆ కంపెనీ హార్న్‌బీదే. మనవాళ్లు చేసింది వాళ్లు కొనుక్కున్నారు. వాళ్లు చేసింది మనం కొనుక్కోబోతే మాత్రం దేశభక్తి అడ్డం వస్తుంది. బొమ్మల తయారీలో భారత్‌ను ప్రపంచ కేంద్రంగా చేస్తామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. మంచి మోడల్ ఎలా ఉంటుందో విప్పి చూడనివాడు, చేతిలో పట్టుకుని బరువు చూడనివాడు, దాన్ని మించింది ఎలా చేస్తాడు?

ఈ సీరియల్‌లో మనకూ ఒక ఇంజను ఉందన్న సంగతి మీ దృష్టికి వచ్చి ఉండదు. 2016లో వచ్చిన థామస్ సినిమాలో ఆషిమా అనే భారతీయ ఇంజను ఉంది. నీలగిరి కొండ రైలును లాగే X తరగతి ఇంజనే దానికి మూలం. మెట్టుపాళయం నుంచి కూనూర్ దాకా నడుస్తూ, నిటారు దారిలో పళ్ల పట్టా పట్టుకుని ఎక్కే ఇంజను. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన దారి. ఊటీ వెళ్లిన తెలుగువాళ్లలో ఆ బండి ముందు నిలబడి ఫొటో దిగనివాళ్లు తక్కువ. సినిమాలో దాని ఒంటి నిండా రంగురంగుల అలంకరణ. పిల్లల ప్లాస్టిక్ వరసలో అది వచ్చింది. సరైన కొలతల్లో, మీటర్‌గేజ్‌కు తగ్గ 12 మిల్లీమీటర్ల పట్టా మీద, పళ్ల చక్రంతో సహా రావాలని మావాళ్లు ఏటా ప్రకటనల ముందు మొక్కుకుంటారు. ఏదో ఒక ఏడు ఎవరో ఒకరు ప్రకటిస్తారు. ఆ రోజు కోయంబత్తూరు పక్క కొండల్లో నడిచే మన ఇంజను రూపం చైనాలో అచ్చు పోసుకుని, బ్రిటన్‌లోనో అమెరికాలోనో అమ్ముడుపోయి, భారతదేశపు రేవులో మాత్రం పరాయి బొమ్మ అయి ఆగిపోతుంది. అప్పుడు మీరు ఏం సమాధానం చెబుతారు?

మేం సుంకం ఎత్తేయమనడం లేదు. 9503 కింద స్కేలు మోడళ్లకు వేరే ఉపశీర్షిక పెట్టండి. దానికి 2020కి ముందున్న 20 శాతమైనా మాకు సమ్మతమే. స్కేలు, పట్టా కొలత, విడత పరిమాణం చూసి సేకరణ వస్తువును గుర్తించే పద్ధతి రాసి, అన్ని రేవులకూ, విదేశీ తపాలా కార్యాలయాలకూ ఒకే ఉత్తర్వు పంపండి. సొంతానికి ఒకటీ రెండూ తెప్పించుకునేవాళ్లను ముద్ర అడగకుండా వదలండి. అమ్మేవాళ్లనైతే అడగండి, గట్టిగా అడగండి. చిన్న విడతల్లో మోడళ్లు చేసే ఇక్కడి కుర్రాళ్లకు, చేతిపనివారికి మినహాయింపు ఇచ్చినట్టే, వాళ్లు తట్టుకోగలిగిన పరీక్షా పద్ధతి ఒకటి ఏర్పాటు చేయండి. ఇందులో ఏదీ పార్లమెంటులో చట్టం మార్చాల్సినంత పని కాదు. మీ ముగ్గురూ ఒక గదిలో ఒక పూట కూర్చుంటే తేలేది.

ఆ గదిలోకి ఎవరినైనా పిలవాలనుకుంటే మేం సొంత టికెట్లతో వస్తాం. ఇంజను కూడా తెస్తాం, మరలు విప్పేందుకు స్క్రూడ్రైవర్‌తో సహా. రాబోయే ఏడాది మొదట్లో మళ్లీ ప్రకటనలు వస్తాయి. అంతకంటే ముందు ఆ సమావేశం ఏ తారీఖున పెడుతున్నారో, మీలో ఎవరి టేబుల్ మీద ఈ ఫైలు తెరుస్తున్నారో రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక రైలు మోడళ్ల సేకర్త,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్